గెడ్డలో నిలబడ్డ మనిషి

"మబ్బుల మాస్టారు పోయారటండీ" అని చెప్పి అతను నవ్వాడు.

ఆమదాలవలస స్టేషన్లో పాసింజరు కోసం కూర్చుని ఉన్నాం. అతను ఒకప్పుడు నా దగ్గరా, ఆయన దగ్గరా చదువుకున్నవాడే. ఇప్పుడు ధాన్యం వ్యాపారం చేస్తున్నాడు. చావు కబురు చెబుతూ నవ్వకూడదని తెలియనివాడు కాదు. నవ్వును తువ్వాలుతో తుడుచుకోబోయాడు గాని ఆపుకోలేకపోయాడు. "పోయేముందు కూడా కొండ మీద మబ్బేసిందో నేదో సూసుకునే ఉంటారు" అన్నాడు. బెంచీ చివర కూర్చున్న ఇద్దరు, ఆయన్ని జన్మలో చూడనివాళ్ళు, సంగతేమిటని అడిగారు. ఇతను చెప్పాడు. వాళ్ళూ నవ్వారు.

నాకు ఒళ్ళు మండిపోయింది.

"ఎందుకయ్యా నవ్వుతావు?" అని గట్టిగానే అరిచాను. టీ కుర్రాడు కూడా తిరిగి చూశాడు.

అతను తెల్లబోయాడు. "అదేటండీ! ఆ పేరెట్టింది మీరే కదా" అన్నాడు.

అవును, నేనే పెట్టాను. తెలుగు మాస్టారిని కదా, పేర్లు పెట్టడం నాకు సులువు. స్టాఫు రూములో టీ తాగుతూ ఆ మాట అన్నాను. సాయంత్రానికి బజారుకి చేరింది. ఆ తర్వాత ఆయన అసలు పేరుతో ఎవరికీ పని లేకుండా పోయింది. ఒప్పుకోవలసింది ముందే ఒప్పుకుంటున్నాను. అయినా నా కోపం అబద్ధం కాదు. ఇన్నేళ్ళకి వచ్చింది కాబట్టి ఇంకా ఎక్కువగా వచ్చింది.

కొండల్లో నక్సలైట్ల గొడవలు మొదలుకాక ముందు సంగతి ఇది. అరవై ఆరో, అరవై ఏడో. మందస పక్కన ఒక ఊళ్ళో హైస్కూలు. వరండా చివర నిలబడితే వాయవ్యాన మహేంద్రగిరి నిలువుగా కనబడేది. తూర్పున కొబ్బరి తోటలు, వాటి అవతల సముద్రం. ఆ రెంటికీ మధ్య ఇరుకున మా ఊరు, మా పొలాలు. ఆయన మా స్కూల్లో సోషలు చెప్పేవారు. పొట్టి మనిషి, గొంతు మాత్రం చాలా పెద్దది. చంకలో ఎప్పుడూ గొడుగు. ఎండాకాలం అయినా అంతే. పొద్దున్న స్కూలుకి రాగానే హాజరు పుస్తకంలో సంతకం చేసేవారు కాదు. ముందు వరండా చివరికి వెళ్ళి, నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని కొండ వైపు చూసేవారు. పెళ్ళిచూపులకి వచ్చినవాళ్ళు చూసినట్టు పైనుంచి కిందకి, కిందనుంచి పైకి చూసేవారు. అప్పుడు గాని లోపలికి వచ్చేవారు కాదు.

"ఏం మాస్టారూ, కొండ ఉందా?" అని హెడ్మాస్టరు వెటకారంగా అడిగేవాడు.

"ఉంది. మనమే, ఉంటామో ఉండమో" అనేవారు ఈయన.

పాఠం చెప్పేటప్పుడు నల్లబల్ల మీద సుద్దముక్క ఎత్తకుండా ఒకే గీతలో కొండ గీసేవారు. పక్కన అలలుగా సముద్రం. కోపం వస్తేనో, సంతోషం వస్తేనో ఆయన నోట మా ఊరి యాసే వచ్చేది. ఆ పాఠానికి రెండూ వచ్చేవి.

"సముద్రం మీంచి గాలి నీళ్ళ బరువెత్తుకుని వస్తాది. ఎదురుగా కొండ. తప్పుకునే దారి నేదు. ఎక్కాల. పైకెక్కితే సలి. బరువు మోస్తన్నోడికి సలికి సేతులు కొంకర్లు పోతే ఏటి సేస్తాడ్రా?"

"వొదిలేస్తాడండి."

"అదీ! అదే వాన."

సూర్యుడికి దగ్గరగా ఉన్నా కొండ పైన చలి ఎందుకు అని ప్రతి ఏడూ అడిగేవారు. ఒక ఏడు ఒక అబ్బాయి లేచి, "పైన దేముడున్నాడు కదండీ, అందుకే సల్లగుంతాది" అన్నాడు. "మరి దేముడికి సలెయ్యదేట్రా, పాపం!" అని ఆయన అంటే, పక్క క్లాసులో పద్యం చెబుతున్న నాకు కూడా నవ్వొచ్చింది.

ఆయనకి పాఠ్యపుస్తకం మీద కూడా కోపమే. ఆల్ప్సు పర్వతాల మీద మంచు గురించి పేజీలకు పేజీలు ఉన్నాయి, కిటికీలోంచి కనబడే కొండ గురించి ఒక్క వాక్యం లేదు. ఆ వాక్యాలు ఆయనే చెప్పేవారు. కింద మడులూ తాటిచెట్లూ. కాస్త ఎక్కితే జీడిమామిడి, పనస. ఇంకా పైన వెదురు, అడ్డాకు తీగలు. ఆపైన చెట్టు గిడసబారి, చెట్ల బదులు రెల్లు లాంటి గడ్డి వస్తుంది. ఆఖరికి గడ్డి కూడా పోయి నల్లరాయి, దానిమీద తడి ఆరని పచ్చటి నాచు. "మద్రాసు నుంచి సిమ్లాకి రైల్లో ఎల్లక్కర్లేదురా. మన కొండెక్కితే సాలు" అనేవారు. ఆ కొండ నుంచి పుట్టిన ఏరులు రెండు. ఒకటి మా మందస మీదుగా వచ్చి బారువ దగ్గర సముద్రంలో పడుతుంది. రెండోది అవతలి వైపు దిగి పర్లాకిమిడి మీదుగా పోయి వంశధారలో కలుస్తుంది. రెండూ మహేంద్రతనయలే. "ఒక తండ్రికి ఇద్దరు కూతుళ్ళు. ఇద్దరికీ ఒకటే పేరు. పైన పడ్డ సినుకు ఏ కూతురి ఒళ్ళోకి ఎల్తాదో జానెడు రాయి తేలుస్తాది" అని చెప్పేవారు.

ఆయనకి గిట్టని మాట ఒక్కటే ఉండేది. "ఏటీ అవదు మాస్టారూ" అని ఎవరైనా అంటే చాలు. వాడు పిల్లాడా, ప్రెసిడెంటా అని చూసేవారు కాదు. "ఏటీ అవదని నీకు కొండ సెప్పిందా? నీ సెవిలో సెప్పిందా?" అని మీదమీదకి వెళ్ళేవారు.

ఆ ఏడు కార్తీకమాసంలో వనభోజనాలు తోటలో కాకుండా కొండమీద పెట్టుకుందామని జీడిపప్పు షావుకారు ఒకాయన తలపెట్టాడు. ఆదివారం ఎక్కడం, పైన రాతి గుడి దగ్గర పడుకోవడం, సోమవారం పొద్దున్నే గోకర్ణేశ్వరుడికి అభిషేకం చేసుకుని దిగడం. శివరాత్రికయితే జనం తొక్కుకుంటారు, కార్తీకంలో అయితే దేవుడు మనకొక్కళ్ళకే అని ఆయన లెక్క. స్కూలు వాళ్ళం, షావుకారి చుట్టాలు కలిసి పెద్ద గుంపే తయారయింది. కార్తీకం తుఫానుల నెల అని మాస్టారు అంటే, రేడియో ఏమీ చెప్పలేదు కదా అన్నాం.

ఆయన రావడానికి ఒప్పుకున్నది వాళ్ళమ్మ కోసం. ఆవిడకి డెబ్భై దాటాయి. కాపరానికి వచ్చిన నాటి నుంచి ఆ కొండ మీద దేవుణ్ణి చూడాలని కోరిక. మొగుడు తీసుకెళ్తాను తీసుకెళ్తాను అంటూనే పోయాడు. ఇప్పుడు ఆవిడకి మోకాళ్ళు ఆడవు, గుండె ఆయాసం. ఈసారి కాకపోతే ఇక లేదని ఆవిడకి తెలుసు, కొడుక్కీ తెలుసు, మా అందరికీ తెలుసు. ఇద్దరు మనుషులు మోసే డోలీ మాట్లాడారు. ఆవిడ తమ పెరటి చెట్టు కొబ్బరికాయని ఒళ్ళో పెట్టుకుని, పసిపిల్లని ఎత్తుకున్నట్టు పట్టుకుని కూర్చుంది.

కొండ కింది ఊరి దాకా బళ్ళు. అక్కణ్ణుంచి నడక. కొండవాగుని మా వైపు గెడ్డ అంటాం. మొదటి గెడ్డ దాటాం. రెండో గెడ్డ వెడల్పయినది. రెండు పక్కలా నిటారు గట్టు, మధ్యలో గుండ్రాళ్ళు, మోకాలు తడవని నీళ్ళు. అది దాటితే ఇక అంతా ఎక్కుడే. పైన రాత్రి వాన కురిసినా మళ్ళీ అదే గెడ్డ దాటి దిగాలి. వేరే దారి లేదు. అప్పటికి ఎండ వీపు మీద మండుతోంది.

మాస్టారు నీళ్ళ దగ్గర ఆగి పైకి చూశారు. పొద్దున్న అద్దంలో ఉన్నట్టు కనిపించిన శిఖరం ఇప్పుడు లేదు. దాని చోట బూడిదరంగు ముద్ద ఒకటి కూర్చుని ఉంది. ఆయన వంగి నీళ్ళలోంచి ఆకులు తీశారు. ఎండుటాకులు కావు, పచ్చివి, కొమ్మ నుంచి తెగినవి.

"ఎనక్కి పదండి" అన్నారు.

"ఎందుకండీ?" అన్నాడు షావుకారు.

"పైన కురుస్తంది."

"ఇక్కడ మాడు పగిలిపోతంది మాస్టారూ!"

"మాడు మీదది కాదు, గెడ్డ సంగతి మాటాడతన్నాను. పైన కురిసింది ఇక్కడికి తరవాత వస్తాది. నీళ్ళలాగ రాదు, గోడలాగ వస్తాది. రాత్రి పైన సిక్కుకుంటే సలికి ముసిలోళ్ళు ఉండరు. దిగితే ఈ గెడ్డ ఉండనివ్వదు."

"ఏటీ అవదండీ" అన్నాడు షావుకారు.

ఇక చెప్పేదేముంది. ఇద్దరూ అరుచుకున్నారు. మధ్యలో డోలీలోంచి ఆవిడ గొంతు లేచింది.

"ఒరే గుంటడా! నీ బడిపిల్లలకి సెప్పుకో ఆ సదువులు. నానేటి, ఉప్పు బస్తానా కరిగిపోడానికి? గుమ్మం దాకా తెచ్చి ఎనక్కి తిప్పుతావేట్రా? ఎత్తండి బాబూ, ఎత్తండి, ఈడి మాట ఇనకండి!"

డోలీ మోసేవాళ్ళు ఎవరి మాట వినాలో తెలియక నిలబడ్డారు. మాస్టారు గొడుగు గట్టున పడేసి గెడ్డ మధ్యకి వెళ్ళారు. రెండు చేతులూ బారజాపి నిలబడ్డారు. "నన్ను తోసేసి ఎల్లండి. ముందు మాయమ్మని తీసుకెల్లండి, రండి" అన్నారు.   

షావుకారు నా వైపు చూశాడు. "మీరు సెప్పండి తెలుగు మాస్టారూ." నేను ఏం చెప్పాను? "మీ ఇష్టం" అన్నాను. నా జీవితంలో సగం పనులు ఆ రెండు ముక్కలతో జరిగిపోయాయి.

వెనక్కి తిరిగాం. శాపనార్థాలు పెట్టుకుంటూ దిగి, జీడితోటలో పులిహోర తిన్నాం. చినుకు పడలేదు. గెడ్డ పొంగలేదు. సాయంత్రానికి మబ్బు విడిపోయి, కొండ తలంటు పోసుకున్న పిల్లలా మెరుస్తూ బయటికొచ్చింది. అందరూ దాన్ని చూశారు, ఆయన్ని చూశారు, నవ్వారు. ఆయన ఆకులో చెయ్యి పెట్టలేదు. ఆవిడా తినలేదు. కొబ్బరికాయని ఒళ్ళోంచి దించలేదు.

జరిగిందంతా ఇదే. బెంచీ మీద అతను చెప్పి నవ్విందీ ఇదే. ఏమీ జరగలేదు, అదే ఆయన నేరం. గెడ్డ పొంగి నలుగురు కొట్టుకుపోయి ఉంటే, మిగిలినవాళ్ళు ఆయన కాళ్ళకి దణ్ణం పెట్టేవారు. నలుగురు చావలేదు గనక ఆయన పిరికివాడు, చాదస్తుడు. ఇదెక్కడి న్యాయం? మనిషి మాటకి విలువ కట్టడానికి శవాలు కావాలా? ఆ వాన అవతలి కూతురి ఒళ్ళోకి జారిపోయి ఉంటుంది. జానెడు రాయి ఇటు వంగి ఉంటే మా వైపే వచ్చేది. ఆయన అన్నది వస్తుందని కాదు, రావచ్చునని. ఆ తేడా తెలియనివాళ్ళం పిల్లలకి పాఠాలు చెప్పాం, జీతాలు తీసుకున్నాం.

వాళ్ళమ్మ ఆయన్ని క్షమించలేదు. ఈ మాట మెత్తగా చెప్పడం నాకిష్టం లేదు. కూరలమ్మికి చెప్పింది, చాకలికి చెప్పింది, పలకరించడానికి వెళ్ళిన నాకు చెప్పింది: "సూసినావా బాబూ, నా కడుపున పుట్టినోడే నాకూ దేముడికీ అడ్డం నిలబడ్డాడు." మాస్టారు పక్కనే ఆవిడ కాళ్ళకి నూనె రాస్తున్నారు. "ఔనే అమ్మా, నిలబడ్డాను. అటు కాలు తే" అన్నారు. ఆవిడ కాలు ఇచ్చింది, తిట్టడం ఆపలేదు. శివరాత్రి రాకముందే పోయింది.

పదో రోజున షావుకారు అందరి ముందూ అన్నాడు: "కన్నతల్లి కోరిక తీర్సని సదువు ఎందుకండీ మాస్టారూ?" భోజనాల దగ్గర అందరూ విస్తళ్ళలోకి వంగారు. నేనూ వంగాను. మాస్టారు కొత్త గుండు తడుముకుంటూ, "ఎనక్కి తెచ్చాను. మల్లీ అలాగే ఉంటే మల్లీ తెస్తాను" అన్నారు. అంత బాధలో కూడా ఆ మాట మార్చలేదు. మేం దాన్ని పొగరన్నాం.

మరుసటి కార్తీకంలో షావుకారు మళ్ళీ బయల్దేరదీశాడు. ఈసారి డోలీలో ఉన్నది షావుకారి అమ్మ. ఎండుకట్టెలాంటి మనిషి, మాట తక్కువ. మాస్టారిని ఎవరూ పిలవలేదు. రెండో గెడ్డ దగ్గరికి చేరేసరికి ఆయన అక్కడ రాయి మీద కూర్చుని ఉన్నారు, పక్కన ఒక గోనెసంచి. మళ్ళీ పైన మబ్బు. మళ్ళీ నీళ్ళలో పచ్చి ఆకులు. ఆయన లేచి నీళ్ళలోకి దిగి నిలబడ్డారు.

"మాస్టారూ, మీయమ్మని ఆపీసినారు. ఇప్పుడు మాయమ్మని కూడా ఆపుతారేటి?" అన్నాడు షావుకారు. ఈసారి అరవలేదు. ఆయన భుజం మీద చెయ్యి వేసి, గుమ్మంలో అడ్డంగా ఉన్న కుర్చీని జరిపినట్టు మెల్లగా పక్కకి జరిపాడు. ఆ మెల్లదనం చూస్తే తిట్టినా బాగుండుననిపించింది. అందరూ దాటారు. ఆయన పక్కనుంచి నేనూ దాటుతుంటే, "సాలువా తెచ్చుకున్నారా?" అని అడిగారు. లేదన్నాను. తన భుజం మీది కంబళి తీసి నా మీద పడేశారు. "ఎల్లండి, బేగి ఎల్లండి. సీకటి పడేలోపు గుడి సేరాల."

పైన ఏముందో అప్పుడు చూశాను. ఆయన బల్ల మీద గీసిన గీత చూసి నేనెప్పుడూ ఊహించనిది. వెదురు దాటాక గాలి మారింది. గడ్డి నేల మీదికి వచ్చేసరికి మబ్బు పైనుంచి రాలేదు, కిందనుంచి లేచి మా కాళ్ళు, నడుములు మింగుతూ ఎక్కింది. ముందు నడిచే మనిషి వీపు కూడా కనబడలేదు. పెద్ద పెద్ద బండలు పేర్చి కట్టిన గుడిలోకి దూరగానే వాన. అలాంటి వాన కింద పడదు. నిలువుగా కాదు, అడ్డంగా వచ్చి రాతి గోడని కొట్టింది. చలికి పళ్ళు కొట్టుకుని, షావుకారు చెబుతున్న శివనామం ముక్కలు ముక్కలుగా వచ్చింది. ఆ ముసలావిణ్ణి మధ్యలో కూర్చోబెట్టి చుట్టూ మూగాం. మాస్టారి కంబళి ఆవిడకి కప్పాను. కప్పానని గొప్పగా రాసుకోవడం లేదు, అది నాది కాదు. ఎవరూ పైకి అనలేదు గాని అందరం వింటున్నది ఒక్కటే, గెడ్డ చప్పుడు. అంత దూరం నుంచి వినబడదని తెలిసి కూడా విన్నాం.

తెల్లారేసరికి ఆకాశం నీలంగా ఉంది. తూర్పున సముద్రం సన్నటి వెండి గీతలా కనబడింది. అభిషేకం అయింది. భయం ఎండకి ఆరిపోయింది. దిగేటప్పుడు షావుకారు పాటలు పాడాడు.

గెడ్డ దగ్గర మాస్టారు ఉన్నారు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, బట్టలు ముద్దగా ఉన్నాయి. ఈ గట్టు చెట్టు నుంచి ఆ గట్టు చెట్టుకి, గెడ్డకి అడ్డంగా, నడుమెత్తున లావుపాటి కొబ్బరిపీచు తాడు బిగించి కట్టి ఉంది. రాయి పక్కన గోనెసంచి ఖాళీగా పడి ఉంది. నీళ్ళు పిక్కల దాకా ఉన్నాయి, అంతే. రాత్రి ఎంత దాకా వచ్చి తగ్గాయో మేం అడగలేదు, ఆయన చెప్పలేదు. గట్టు మీద గడ్డి అంతా ఒకే వైపు వాలి ఉంది. దాన్ని కూడా ఎవరూ చూడలేదు. చూసినా చూడనట్టున్నాం.

"ఇదేటండీ మాస్టారూ, బట్టలారేసుకోడానికా?" అన్నాడు షావుకారు. గుంపంతా ఘొల్లుమంది. ఒక్కొక్కళ్ళూ తాడు ముట్టకుండా, చేతులూపుకుంటూ దాటారు. ఒకతను దాని మీద తువ్వాలు ఆరేసి చూపించి మరీ దాటాడు. మాస్టారు నీళ్ళ మధ్యలో తాడు పట్టుకుని నిలబడే ఉన్నారు. "ఏటీ అవదు" అంటేనే మీదికి వచ్చే మనిషి, అప్పుడు ఒక్క మాట అనలేదు.

డోలీ నీళ్ళ అంచుకి వచ్చింది. ముసలావిడ మోసేవాళ్ళ భుజం తట్టింది.

"దింపండ్రా."

"ఎందుకే అమ్మా? ఎత్తుకుని దాటించేస్తారు కదా" అన్నాడు షావుకారు అవతలి గట్టు నుంచి.

"నోర్ముయ్యెహె. దింపండి."

దిగింది. చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుంది. రెండు చేతులా తాడు పట్టుకుంది. నీళ్ళు పిక్కల దాకానే ఉన్నా, పీకల దాకా ఉన్నట్టు, ఒక్కొక్క అడుగూ పరీక్షించి వేస్తూ, తాడు వదలకుండా దాటింది. మాస్టారి దగ్గరికి వచ్చి ఆగింది.

"గట్టిగా కట్టినావా బాబూ?"

"కట్టానమ్మా."

"మీయమ్మ ఉంటే సూసును."

మాస్టారు తల తిప్పుకున్నారు. ఆవిడ మళ్ళీ తాడు పట్టుకుని, మిగిలిన సగమూ అలాగే నడిచింది. అవతలి గట్టున ఎవరూ నవ్వలేదు.

ఆవిడ వెనక నేను దాటాను. తాడు నా నడుము పక్కనే ఉంది. నా రెండు చేతులూ పంచె తడవకుండా ఎత్తి పట్టుకోవడానికే సరిపోయాయి.